బోధనమాధ్యమంగా ఆంగ్లం: కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బహుభాషా సమాజానికంతటికీ ఒకే భాషను బోధనమాధ్యమంగా స్వీకరించవచ్చునా అనే ప్రశ్న ఐరోపాలోనూ భారతదేశంలోనూ చర్చకు వస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులు ఈ ప్రశ్నను తెలుగునేల మీదికి తెచ్చాయి. ఈ వ్యాసం ఆ విధానపు చారిత్రక, న్యాయ నేపథ్యాలను వివరిస్తుంది. అక్షరాస్యత తక్కువగా ఉండి, కన్నడం, ఉర్దూ, లంబాడీ భాషలతో తెలుగు కలిసి మెలగే కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ మార్పు విద్యార్థి అవగాహనను ఎలా ప్రభావితం చేయగలదో విశ్లేషిస్తుంది. పిల్లవాడు బడిలో ఇంటి తెలుగు, పుస్తకపు తెలుగు, ఆంగ్లం అనే మూడు భాషారూపాలను ఎదుర్కొంటాడనీ, తెలుగా ఆంగ్లమా అన్న రెండు ముక్కల చర్చలో ఈ మూడంచెల స్థితి మరుగున పడుతోందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోధనమాధ్యమం, మాతృభాష, ఆంగ్లమాధ్యమం, రాయలసీమ, ద్విభాషా పాఠ్యపుస్తకాలు, పరిభాష, మాండలికం, విద్యాహక్కు.

1. ప్రవేశిక:

ఒక భాషను నేర్చుకోవడం వేరు, ఒక భాషలో చదువుకోవడం వేరు. మొదటిదానిలో భాషే పాఠం. రెండవదానిలో భాష పాఠానికి వాహిక. గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం ఆ వాహిక మీదనే విద్యార్థిని చేరాలి. వాహిక బలహీనంగా ఉంటే పాఠం చేరదు. వాహిక ఎంత బలమైనదైనా అది సమాజంలో విలువలేనిదైతే విద్యార్థి ఆ చదువుతో ఎక్కువ దూరం పోలేడు. బోధనమాధ్యమం గురించిన వాదవివాదాలన్నీ ఈ రెండు భయాల మధ్యనే నడుస్తున్నాయి.

మాతృభాషను సమర్థించేవారు మొదటి భయాన్నీ, ఆంగ్లాన్ని కోరేవారు రెండవ భయాన్నీ ముందుకు తెస్తారు. రెండూ నిజమైనవే. అందువల్ల ఒకదానిని భాషాభిమానమనీ, మరొకదానిని ఆంగ్లవ్యామోహమనీ తీసిపారేయడం శాస్త్రీయం కాదు. ఏ వయసులో, ఏ వనరులతో, ఏ భాషా నేపథ్యం ఉన్న విద్యార్థికి ఏది మేలు చేస్తుందో పరిశీలించడమే సరైన మార్గం. అందుకు రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలు తగిన క్షేత్రం. తెలుగులో లభించిన తొలి పూర్తి శాసనంగా పండితులు పరిగణించే రేనాటి చోళ ధనంజయుని శాసనం (క్రీ.శ. 575) కడప ప్రాంతంలోని కలమళ్లలోనిది. ఆ నేల మీది బడిలో తెలుగు స్థానం ఏమిటన్న ప్రశ్న 21వ శతాబ్దంలో న్యాయస్థానం దాకా వెళ్లింది.

(ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్నప్పుడు 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాల పరిధిని గ్రహించాలి.)

2. చారిత్రక నేపథ్యం:

2.1 దత్తమండలాల్లో వీధిబడులు:

1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగం దత్తమండలాలుగా ప్రసిద్ధమైంది. దానికి తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822లో రాజధానిలోని దేశీయ విద్యాస్థితిని నివేదించమని కలెక్టర్లను ఆదేశించాడు. దానికి స్పందించి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక దక్షిణ భారత విద్యాచరిత్రలో ముఖ్యమైన పత్రం. నేటి కర్నూలు జిల్లాలోని ఆదోని, ఆలూరు ప్రాంతాలు అప్పుడు బళ్లారి పరిధిలోనే ఉండేవి.

ఆ నివేదిక ప్రకారం జిల్లాలో 533 బడులున్నాయి. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226. సంస్కృతం, మరాఠీ చెరి 23 బడుల్లోనూ, పారశీకం 21 బడుల్లోనూ, తమిళం 4 బడుల్లోనూ నేర్పేవారు. ఆంగ్లం నేర్పే బడి ఒక్కటే. ఒకే జిల్లాలో ఏడు భాషల బడులు పక్కపక్కన నడిచాయని ఈ లెక్క చెబుతోంది. భాషావైవిధ్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ఈ లెక్కకన్నా క్యాంప్‌బెల్ చేసిన మరో పరిశీలన నేటి చర్చకు ఎక్కువ ఉపయోగకరం. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన భాషావేత్త. బడుల్లో చదివించే పుస్తకాలు కావ్యభాషలో ఉన్నాయనీ, అది జనవ్యవహారానికి దూరమనీ, విద్యార్థులు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారనీ ఆయన నివేదించాడు. అంటే రెండువందల ఏళ్లనాడే, మాతృభాష అనే పేరుతో నడిచిన బడిలోనే, భాష అవగాహనకు అడ్డుపడిందన్నమాట. మాధ్యమం పేరు తెలుగైనంత మాత్రాన పాఠం అర్థమవుతుందని అనుకోరాదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

2.2 బ్రౌన్ నుండి గిడుగు వరకు:

1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన సి.పి. బ్రౌన్ 1821లో ఆ ఊరిలో ఉచిత పాఠశాలలు నెలకొల్పాడు. నిఘంటువుల నిర్మాతగా ఆయన కీర్తి వెనుక ఈ బడుల సంగతి తరచు మరుగున పడుతుంది. 1835లో మెకాలే పత్రంతో ఉన్నతవిద్యకు ఆంగ్లం వాహికగా స్థిరపడింది. 1854 నాటి వుడ్ నివేదిక కింది తరగతులకు దేశభాషలనూ, పై తరగతులకు ఆంగ్లాన్నీ సూచించింది. కింద దేశభాష, పైన ఆంగ్లం అనే ఈ నిచ్చెన నేటికీ మారలేదు. మారుతున్నదల్లా ఏ మెట్టు దగ్గర ఆంగ్లంలోకి దాటాలన్నదే.

గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమం మూలతః విద్యారంగ ఉద్యమం. పాఠ్యపుస్తకాల భాష విద్యార్థికి అర్థం కావాలన్నదే అందులోని ప్రధానాంశం. ఆయన సవరల కోసం సవరభాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేయడం కూడా ఇదే సూత్రానికి కొనసాగింపు. క్యాంప్‌బెల్ గుర్తించిన లోపానికి గిడుగు ఉద్యమం చాలావరకు సమాధానం చెప్పింది. అయితే వ్యవహారం అన్నప్పుడు ఎవరి వ్యవహారం, ఏ ప్రాంతపు వ్యవహారం అన్న ప్రశ్న మిగిలిపోయింది. రాయలసీమ బడిపిల్లల విషయంలో అది నేటికీ సజీవమైన ప్రశ్న.

3. విధాన పరిణామం:

3.1 సక్సెస్ పాఠశాలలు:

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలను సిద్ధం చేసింది. తెలుగును పై మెట్టు దాకా తీసుకుపోవాలన్న సంకల్పం ఈ మూడింటిలో ఉంది. కానీ వైద్యం, సాంకేతిక విద్య ఆంగ్లంలోనే సాగాయి. 1990ల తరువాత సేవారంగ ఉద్యోగాలు పెరిగి, ప్రైవేటు ఆంగ్లమాధ్యమ పాఠశాలలు పట్టణాల నుండి మండలకేంద్రాలకు విస్తరించాయి. ఈ నేపథ్యంలో 2008-09లో ప్రభుత్వం సక్సెస్ పథకం కింద సుమారు 6,500 ఉన్నత పాఠశాలల్లో ఆరవ తరగతి నుండి ఆంగ్లమాధ్యమ విభాగాలను తెరిచింది. అక్కడ తెలుగు విభాగం పక్కన ఆంగ్ల విభాగం ఉండేది. ఎంపికకు వీలుండేది.

3.2 2019 ఉత్తర్వులు, న్యాయవివాదం:

2019 నవంబరు 5న వెలువడిన 81వ నంబరు ఉత్తర్వు, 2020-21 నుండి ఒకటి నుండి ఎనిమిది తరగతులను ఆంగ్లమాధ్యమంలోకి మార్చాలని నిర్దేశించింది. అదే నెల 20న వచ్చిన 85వ నంబరు ఉత్తర్వు దానిని ఒకటి నుండి ఆరు తరగతులకు పరిమితం చేసి, తరువాతి తరగతులను ఏటా ఒకటి చొప్పున చేర్చాలని సవరించింది. తెలుగు లేదా ఉర్దూ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంటుందని పేర్కొంది. సక్సెస్ పథకానికీ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది. అక్కడ ఆంగ్లం ఒక విభాగం, ఇక్కడ ఆంగ్లమే బడి.

2020 ఏప్రిల్ 15న రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఈ ఉత్తర్వులను కొట్టివేసింది. విద్యాహక్కు చట్టం–2009లోని 29(2)(ఎఫ్) నిబంధన ప్రకారం బోధన ఆచరణ సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో సాగాలి. దీనితోపాటు, 2014 మే 6న సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇక్కడ కీలకమైంది. ఆ కేసులో కర్ణాటక ప్రభుత్వం ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని తప్పనిసరి చేయబూనింది. మాధ్యమాన్ని ఎంచుకోవడం 19(1)(ఎ) అధికరణ కింది భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పి ధర్మాసనం ఆ నిర్బంధాన్ని తిరస్కరించింది. ఆంగ్లమాధ్యమ పాఠశాలలకు అనుకూలించిన సూత్రమే ఆంధ్రప్రదేశ్‌లో నిర్బంధ ఆంగ్లమాధ్యమానికి ప్రతికూలమైంది. చట్టం దృష్టిలో తేల్చవలసింది ఏ భాష గొప్పదన్నది కాదు, ఎంపిక ఎవరిదన్నది.

తరువాత ప్రభుత్వం తల్లిదండ్రుల ఐచ్ఛికాలను సేకరించి, 96 శాతానికి పైగా ఆంగ్లమాధ్యమాన్ని కోరుకున్నారని ప్రకటించింది. తెలుగు కోరుకునేవారి కోసం మండలానికొక తెలుగుమాధ్యమ పాఠశాలను ఉంచే ప్రతిపాదన చేసింది. ఉన్నత న్యాయస్థానపు తీర్పు మీద సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 2020 సెప్టెంబరులో నిలుపుదల ఉత్తర్వు ఇవ్వడానికి అది నిరాకరించింది. అదే ఏడాది జులైలో వచ్చిన జాతీయ విద్యావిధానం, వీలైనచోటల్లా కనీసం ఐదవ తరగతి వరకు, సాధ్యమైతే ఎనిమిదవ తరగతి వరకు, మాతృభాష లేదా ప్రాంతీయభాష మాధ్యమంగా ఉండాలని సూచించింది. ఆచరణలో మాత్రం ఆంగ్లమాధ్యమం వైపే అడుగులు పడ్డాయి. తెలంగాణ కూడా 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఇదే మార్గం పట్టింది.

3.3 2025 పదవ తరగతి పరీక్షలు:

85వ ఉత్తర్వు లెక్క ప్రకారం 2020-21లో ఆరవ తరగతిలో ఉన్నవారు 2025 మార్చిలో పదవ తరగతి పరీక్ష రాశారు. ఆ పరీక్షకు 5 లక్షల 64 వేల మందికి పైగా ఆంగ్లమాధ్యమంలో నమోదయ్యారు. కోరుకున్నవారు తెలుగులో రాయవచ్చునన్న వెసులుబాటుతో 51 వేల మందికి పైగా తెలుగుమాధ్యమంలో నమోదయ్యారు. ఈ రెండవ సంఖ్యను తేలికగా చూడరాదు. మాధ్యమం మార్పు పూర్తయిందని భావించిన దశలో కూడా, తమకు తెలిసినది తెలుగులోనే చెప్పగలమని నిర్ణయించుకున్న విద్యార్థులు అర లక్ష మంది ఉన్నారని అది తెలుపుతోంది.

4. కర్నూలు, కడప ప్రాంతాల భాషాచిత్రం:

2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత కర్నూలు జిల్లాలో 59.97 శాతం, కడప జిల్లాలో 67.30 శాతం. కర్నూలులో పశ్చిమ మండలాల స్థితి ఇంకా వెనుకబడినది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వంటి చోట్ల వానలు మొహం చాటేసిన ఏడు కుటుంబాలు మిరపకోతకూ పత్తితీతకూ గుంటూరు వైపు వలసపోతాయి. ఈ వలసను స్థానికులు సుగ్గి అంటారు. పెద్దలతోపాటు పిల్లలూ పోయినప్పుడు బడి నెలల తరబడి ఆగిపోతుంది. తిరిగి వచ్చిన పిల్లవాడు పోయిన పాఠాన్ని ఇంట్లో ఎవరినైనా అడిగి తెలుసుకోగల అవకాశం బోధనభాష మీద ఆధారపడి ఉంటుంది. తెలుగు పాఠమైతే అక్కో అన్నో చదివి వినిపించగలరు. ఆంగ్ల పాఠానికి ఆ ఆసరా దొరకదు. మాధ్యమం మార్పు ప్రభావం అన్ని ఇళ్లలోనూ ఒకే విధంగా ఉండదనడానికి ఇది ప్రబల నిదర్శనం.

ఇక భాషల సంగతి. ఆదోని, ఆలూరు ప్రాంతాలు 1953లో బళ్లారి జిల్లా నుండి వచ్చి ఆంధ్రలో కలిశాయి. సరిహద్దు గ్రామాల్లో కన్నడం ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు, కన్నడమాధ్యమ పాఠశాలలు నేటికీ ఉన్నాయి. కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని పట్టణాల్లో ఉర్దూ వ్యవహారం బలమైనది. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట నేడు అక్కడ ఉర్దూ విశ్వవిద్యాలయం నడుస్తోంది. 2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండవ అధికారభాష అయింది. తండాల్లోని పిల్లలకు లంబాడీ ఇంటిభాష. వీరికి తెలుగు రెండవ భాష, ఆంగ్లం మూడవది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కోసం తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతోంది. తెలుగుమాధ్యమం కోసం వాదించేవారు ఈ పిల్లలకు తెలుగు కూడా మాతృభాష కాదన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

5. మూడంచెల భాష – విశ్లేషణ:

5.1 పదజాలం:

తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లవాడికి కూడా బడి తెలుగు పూర్తిగా పరిచితం కాదు. కర్నూలు ప్రాంతపు పిల్లవాడు బుడ్డలు అనేదానిని పుస్తకం వేరుశనగలు అంటుంది. అతని మడక అక్కడ నాగలి. ఇక్కడి వ్యవసాయంలో గొర్రు, గుంటక, జడ్డిగం, పదును వంటి పదాలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. పుస్తకంలో అవి కనబడవు. ఇది మొదటి అంచెకూ రెండవ అంచెకూ మధ్యనున్న దూరం.

శాస్త్రపాఠాల్లో ఈ దూరం పెరుగుతుంది. బేతంచెర్ల పరిసరాల పిల్లలు నాపరాయి గనుల మధ్య పెరుగుతారు. పొరలు పొరలుగా లేచే బండను వారు చేతితో తాకి ఎరుగుదురు. పుస్తకం దానిని అవక్షేపశిలల కిందికి చేరుస్తుంది. ఆంగ్లపుస్తకం సెడిమెంటరీ రాక్ అంటుంది. నాపరాయి తెలిసిన పిల్లవాడికి అవక్షేపశిల అన్న సంస్కృత సమాసమూ, ఆంగ్లపదమూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. అలాగే ఆవిరి తెలిసిన పిల్లవాడికి భాష్పీభవనం, ఎవాపొరేషన్ రెండూ కొత్తవే. ఆంగ్లమాధ్యమ సమర్థకులు తరచు ఎత్తిచూపే అంశం ఇది. పదజాలం వరకు ఇది న్యాయమైన వాదనే.

అయితే పాఠమంటే పరిభాష ఒక్కటే కాదు. నీళ్లలో కొట్టుకొచ్చిన మట్టి అడుగున పేరుకుని, గట్టిపడి, రాయి అవుతుంది అన్న వివరణలో కార్యకారణ సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని మోసేవి క్రియలు, విభక్తులు, అసమాపక రూపాలు. కొట్టుకొచ్చి, పేరుకుని, గట్టిపడి అన్న వరుసను తెలుగు పిల్లవాడు అప్రయత్నంగా గ్రహిస్తాడు. ఆంగ్లవాక్యంలో ఆ వరుసను పట్టుకోవాలంటే వాక్యనిర్మాణం ముందుగా తెలియాలి. అందువల్ల పరిభాష విషయంలో రెండు మాధ్యమాలూ సమానమైనా, వివరణ విషయంలో సమానం కావు. పరిభాషను ఆంగ్లంలో ఉంచి వివరణను తెలుగులో సాగించే ఉపాధ్యాయులు చేసే పనికి భాషాశాస్త్రీయమైన ఆధారం ఇదే.

5.2 గణితంలో పదక్రమం:

ప్రాథమిక గణితం ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 12 నుండి 5 తీసివేయి అన్న తెలుగు వాక్యంలో సంఖ్యలు 12, 5 అన్న క్రమంలో వస్తాయి. గణిత సంకేతంలో 12 – 5 అని అదే క్రమం. ఆంగ్లంలో సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్ అన్నప్పుడు 5 ముందు వస్తుంది. ఫ్రమ్ అన్న చిన్న మాట పట్టుబడని పిల్లవాడు వినిన క్రమంలోనే 5 – 12 అని రాస్తాడు. అది లెక్క రాకపోవడం వల్ల కలిగిన దోషం కాదు, వాక్యం రాకపోవడం వల్ల కలిగినది.

సంఖ్యానామాల్లోనూ భేదముంది. పద్నాలుగులో పది ముందు, నాలుగు వెనుక. అంకెల్లో రాసినా 1 ముందు, 4 వెనుక. ఫోర్టీన్‌లో నాలుగు ముందు వినబడుతుంది. మరోవైపు భిన్నాలకు వచ్చేసరికి స్థితి తారుమారవుతుంది. మూడింట రెండు వంతులు అన్నప్పుడు హారం ముందు వస్తుంది. ఆంగ్లంలో లవం ముందు వస్తుంది. పైనుండి కిందికి చదివే అలవాటుకు అక్కడ ఆంగ్లక్రమమే దగ్గర. అంటే ఏ భాషా గణితానికి స్వభావసిద్ధంగా అనువైనది కాదు, అననువైనదీ కాదు. పిల్లవాడు ఆలోచించే భాషలో ఏది ఎక్కడ తడబాటు కలిగిస్తుందో ఉపాధ్యాయుడికి తెలియాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఇలాంటి వ్యతిరేకాత్మక పరిశీలనకు చోటు ఉండాలి.

5.3 సంభాషణభాష, శాస్త్రభాష:

కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో సంభాషణ నైపుణ్యాన్నీ, చదువుకు అవసరమైన భాషానైపుణ్యాన్నీ వేరుచేసి చూపాడు. వలస వచ్చిన పిల్లలకు మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడినా, రెండవది ఐదు నుండి ఏడేళ్లు పడుతుందని తరువాతి పరిశీలనల్లో వివరించాడు. ఆ పిల్లలకు వీధిలోనూ ఆటస్థలంలోనూ ఆంగ్లమే వినబడేది. కోసిగిలోనో చక్రాయపేటలోనో ఆంగ్లం తరగతిగది దాటి వినబడదు. కాబట్టి అక్కడి కాలపరిమితిని ఇక్కడికి యథాతథంగా అన్వయిస్తే అది కనిష్ఠ అంచనా మాత్రమే అవుతుంది. ఒకటవ తరగతిలో ఆంగ్లమాధ్యమంలో చేరిన పిల్లవాడు శాస్త్రభాషను అందుకునేసరికి ప్రాథమిక విద్య ముగిసిపోతుంది. ఈలోగా నడిచే గణిత, విజ్ఞాన పాఠాల పునాది ఏ స్థితిలో ఉంటుందన్నదే అసలు ఆందోళన.

6. ఆంగ్లాన్ని కోరే వాదంలోని న్యాయం:

పై విశ్లేషణను మాత్రమే చూసి తల్లిదండ్రుల కోరికను అజ్ఞానంగా భావించడం పొరపాటు. పట్టణ మధ్యతరగతి తన పిల్లలను ఆంగ్లమాధ్యమానికి పంపుతూ, పల్లెపిల్లలకు మాతృభాష గొప్పదనాన్ని బోధించడంలోని ద్వంద్వనీతిని దళిత, బహుజన మేధావులు చాలాకాలంగా ప్రశ్నిస్తున్నారు. కంచ ఐలయ్య వంటివారు ఆంగ్లమాధ్యమాన్ని సమానత్వ సాధనంగా సమర్థించారు. తెలుగుమాధ్యమం ప్రభుత్వ పాఠశాలలకు మాత్రమే మిగిలి, ప్రైవేటు పాఠశాలలన్నీ ఆంగ్లమాధ్యమమైన స్థితిలో, మాధ్యమం భాషాభేదంగా కాక వర్గభేదంగా, కులభేదంగా పనిచేస్తుంది. ఈ వాదానికి భాషాశాస్త్రం నుండి మాత్రమే సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని, ఆరేళ్ల సమీకృత విద్యను ఆంగ్లంలో అందించే సంస్థ ఇది. ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగుమాధ్యమంలో చదివినవారు తొలి సంవత్సరాల్లో అధికసంఖ్యలో చేరారు. పదవ తరగతి వరకు తెలుగులో చదివి ఒక్కసారిగా ఆంగ్లంలోకి మారడం వారికి శ్రమతో కూడినదే. అయినా వారిలో అనేకులు ఇంజనీర్లుగా పట్టభద్రులయ్యారు. ఈ అనుభవాన్ని రెండు విధాలా చదవవచ్చు. ఇంత ఆలస్యంగా మారడం అన్యాయమని ఒక పఠనం. మాతృభాషలో గట్టిపడిన విషయజ్ఞానం ఆంగ్లంలోకి బదిలీ కాగలిగిందని మరొక పఠనం. రెండూ నిజమే గనుక, మార్పు ఎప్పుడు, ఎలా జరగాలన్నదే విధానకర్తల ముందున్న ప్రశ్న.

7. ఇతర దేశాల అనుభవాలు:

7.1 ఐరోపా:

ఐరోపా సమాఖ్యలో 24 అధికారభాషలున్నాయి. ఆంగ్లం అక్కడ శాస్త్ర, వాణిజ్య వ్యవహారాల్లో ఉమ్మడిభాషగా స్థిరపడింది. 2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగిన తరువాత కూడా ఆ స్థానం చెదరలేదు. అందువల్ల పాఠశాలలన్నింటికీ ఆంగ్లాన్నే ఉమ్మడి మాధ్యమం చేస్తే ఉద్యోగుల రాకపోకలు, విద్యార్థుల బదిలీలు సులభమవుతాయన్న వాదం అక్కడ వినబడుతుంది. కానీ సమాఖ్య ఒడంబడిక 165వ అధికరణం విద్య విషయవస్తువునూ భాషావైవిధ్యాన్నీ సభ్యదేశాల బాధ్యతకే వదిలింది. 2002లో బార్సిలోనా సమావేశం, చిన్న వయసు నుండే మాతృభాషకు అదనంగా రెండు భాషలు నేర్పాలని లక్ష్యం పెట్టుకుంది. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్ పౌరుల ఆంగ్లప్రావీణ్యం జగద్విదితం. ఆ దేశాల్లో సాధారణ పాఠశాలల బోధనమాధ్యమం మాత్రం వారి సొంతభాషలే. ఆంగ్లం బాగా రావాలంటే ఆంగ్లమాధ్యమమే శరణ్యమన్న అభిప్రాయానికి ఇది ప్రత్యక్షమైన ప్రతివాదం.

సమాఖ్య ఉద్యోగుల పిల్లల కోసం 1953లో లక్సెంబర్గ్‌లో మొదలైన యూరోపియన్ పాఠశాలలు మరో నమూనా. అక్కడ ప్రాథమిక దశలో ప్రధాన విషయాలు ఇంటిభాషలో నడుస్తాయి. రెండవ భాషను ఆరంభం నుండే నేర్పుతారు. మాధ్యమిక దశలో చరిత్ర, భూగోళం వంటి పాఠాలను ఆ రెండవ భాషలో బోధిస్తారు. రెండవ భాష మొదట పాఠ్యాంశంగా వచ్చి, బలపడ్డాక మాధ్యమం అవుతుందన్నమాట. అయితే ఆ పాఠశాలల వనరులూ ఉపాధ్యాయుల శిక్షణా మన మండలకేంద్రాల్లో లేవు. స్వీకరించవలసింది క్రమాన్ని.

7.2 మలేసియా:

మలేసియా 2003లో గణిత, విజ్ఞాన పాఠాలను ఆంగ్లంలోకి మార్చింది. గ్రామీణ విద్యార్థుల వెనుకబాటును ప్రధానకారణంగా చూపి 2009లో ఆ విధానాన్ని విరమించాలని నిర్ణయించింది. ఒక విధానం దేశసగటుకు మేలుగా కనిపిస్తూ, పట్టణ గ్రామీణ అంతరాన్ని పెంచవచ్చునని ఈ ఉదంతం తెలుపుతుంది. కర్నూలు పశ్చిమ మండలాలకు ఇది దగ్గరి పాఠం.

8. ఆచరణలో ద్విభాషా మార్గం:

2020-21 నుండి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ చర్చలో ఆశావహమైన అంశం. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఆంగ్లమాధ్యమానికి ఊతంగా వచ్చినా, ఈ పుస్తకం రెండు భాషలను పక్కపక్కన నిలిపింది. దీనివల్ల ఇంట్లో తెలుగు చదవగలవారు పిల్లవాడికి సాయపడవచ్చు. ఉపాధ్యాయుడు వివరణను తెలుగులోనూ, పరిభాషను ఆంగ్లంలోనూ నడపవచ్చు. సుగ్గి నుండి తిరిగివచ్చిన పిల్లవాడికి పోయిన పాఠం కొంతైనా దొరుకుతుంది.

అయితే పుస్తకం రెండు భాషల్లో ఉండి పరీక్ష ఒక భాషలో ఉంటే, విద్యార్థి రెండవ పుటను వదిలి మొదటి పుటను బట్టీపడతాడు. క్యాంప్‌బెల్ చూసిన అర్థంలేని వల్లెవేత ఆంగ్లరూపంలో తిరిగి వస్తుంది. ఉపాధ్యాయ శిక్షణ చాలావరకు తెలుగులో పొందినవారిని ఆంగ్లంలో బోధించమనడం వారికీ భారమే. అలాంటి ఉపాధ్యాయుడు తడబడకుండా ఉండేందుకు ప్రశ్నోత్తరాలను నల్లబల్ల మీద రాసి దించుకోమంటాడు. తరగతిలో ప్రశ్న అడిగే పిల్లవాడి గొంతు అక్కడే ఆగిపోతుంది. మండలానికి ఒక తెలుగుమాధ్యమ పాఠశాల అన్న ఏర్పాటు కూడా ఆరేళ్ల పిల్లవాడి విషయంలో నిజమైన ఎంపిక కాదు. ఊరిలోని బడిని వదిలి మండలకేంద్రానికి పోవలసివస్తే, ఆ ఎంపికను దూరమే నిర్ణయిస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. దత్తమండలాల ప్రాంతంలో బహుభాషా బోధన కొత్తది కాదు. 1823 నాటికే ఒక జిల్లాలో ఏడు భాషల బడులున్నాయి. అర్థంకాని భాషలో వల్లెవేత కూడా అప్పటి నుండీ ఉన్నదే.

2. 2014, 2020 తీర్పులను కలిపి చదివితే, ఏ భాషనైనా ఏకైక మాధ్యమంగా నిర్బంధించడాన్ని న్యాయస్థానాలు అంగీకరించలేదని తెలుస్తుంది. ఆ ఎంపిక నిజమైనది కావాలంటే రెండు మాధ్యమాలూ ఊరిబడిలోనే అందుబాటులో ఉండాలి.

3. కర్నూలు, కడప పిల్లవాడు ఇంటిభాష, పుస్తకపు తెలుగు, ఆంగ్లం అనే మూడంచెలను దాటాలి. కన్నడ, ఉర్దూ, లంబాడీ కుటుంబాల పిల్లలకు అది మరింత దూరం. పరిభాష విషయంలో తెలుగుమాధ్యమానికున్న సౌలభ్యం తక్కువ. వివరణ విషయంలో చాలా ఎక్కువ.

4. ఆంగ్లం కోసం తల్లిదండ్రులు పడే ఆరాటం సమానత్వ కాంక్ష. దానిని తీర్చడానికి ఒకటవ తరగతి నుండే ఆంగ్లం పాఠ్యాంశంగా సమర్థంగా నేర్పడం, పై తరగతుల్లో క్రమంగా మాధ్యమంగా మార్చడం అనుసరణీయమైన క్రమం.

5. ద్విభాషా పాఠ్యపుస్తకానికి తోడుగా ద్విభాషా ప్రశ్నపత్రం, కోరిన భాషలో జవాబు రాసే హక్కు అన్ని తరగతుల్లోనూ ఉండాలి. తెలుగు పాఠ్యభాగంలో బుడ్డలు, మడక, నాపరాయి వంటి సీమపదాలకు చోటు దక్కాలి.

బోధనభాషకు గీటురాయి అవగాహన. బేతంచెర్ల గనిలో తండ్రి తీసే బండ ఎలా పుట్టిందో ఆ ఇంటి బిడ్డ తన మాటల్లో చెప్పగలిగిన నాడు, ఆ తరువాత అదే విషయాన్ని ఆంగ్లంలోనూ రాయగలిగిన నాడు, ఆ బడి ఏ మాధ్యమానిదైనా తన పని నెరవేర్చినట్లే. ఆ రెండింటిలో మొదటిది లేకుండా రెండవది నిలవదు. రెండవది అందకపోతే మొదటిది ఆ బిడ్డను గని దాటించలేదు.